నాలుగు ఇంజన్ల చప్పుడు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: 1948లో పోలీసు చర్యకు ముందు, అర్ధరాత్రి దాటాక నగరం మీదుగా పెద్ద విమానాలు వచ్చి దిగేవనీ, అవి నిజాం ప్రభుత్వానికి తుపాకులు తెచ్చేవనీ, వాటికి నాలుగు ఇంజన్లుండేవనీ బొల్లారంలో ఉండిన మా తాతగారు చెప్పేవారు. ఇది నిజమేనా? ఆ విమానాల చరిత్రను వెదకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, మారేడుపల్లి

సమాధానం: అమ్మా, మీ తాతగారు చెప్పిన మాటలో మూలవిషయం నిజం. భారత ప్రభుత్వం ఆయుధాలు రాకుండా కట్టడి చేసిన ఆ నెలల్లో, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి హైదరాబాదు సంస్థానానికి విమానాల్లో రహస్యంగా ఆయుధాలు చేరవేశాడు. (గోదావరి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ వేరు, పేరు చూసి పొరబడవద్దు.) రహస్య ప్రయాణాలు ఇతనికి కొత్త కావు. 1939లో రంగుల ఫిల్ము వ్యాపారిగా జర్మనీకి వెళ్లి వస్తూ, లాక్‌హీడ్ 12ఏ విమానంలో కనబడకుండా అమర్చిన కెమెరాలతో అక్కడి సైనిక స్థావరాల ఫొటోలు తీసి బ్రిటిష్ గూఢచారి శాఖకు అందించినవాడు ఇతడే.

మీ తాతగారి మాటల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనబడినది ఆ ‘నాలుగు ఇంజన్లు’ అన్న మాట. ఆ రోజుల్లో బేగంపేటలో జనం నిత్యం చూసినవి దక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటాలు, అంటే రెండు ఇంజన్లవి. కాటన్ వాడినది లాంకాస్ట్రియన్. యుద్ధకాలపు లాంకాస్టర్ బాంబరు నుంచి తుపాకీ గూళ్లు తీసివేసి, పౌర విమానంగా మార్చిన నాలుగు ఇంజన్ల రకం. కరాచీ నుంచి హైదరాబాదుకు ఆకాశమార్గాన సుమారు 1,450 కిలోమీటర్లు. డకోటా అయితే తిరుగు ప్రయాణానికి ఇక్కడ ఇంధనం నింపుకోవలసి వచ్చేది. 6,000 కిలోమీటర్లకు పైగా ఎగరగల లాంకాస్ట్రియన్‌కు ఆ అవసరం లేదు. ఇలా చూస్తే, ఏ రకం విమానాన్ని ఎంచుకున్నారన్న విషయమే ఆ పని స్వభావం గురించి సగం చెబుతుంది. తాతగారి జ్ఞాపకం ఈ వివరానికి సరిపోతున్నది గనుక దానిని వదంతిగా తోసిపుచ్చకండి. అయితే ఏ రాత్రి, ఏ మైదానం అన్నవాటిని మాత్రం కాగితం దొరికేదాకా రూఢి చేయకండి.

వెదకడం మనుషులతో కాక యంత్రంతో మొదలుపెట్టండి. మనుషులు మారుపేర్లు పెట్టుకుంటారు, కంపెనీలు రాత్రికి రాత్రి పుట్టి మాయమవుతాయి. కాని విమానానికి కర్మాగారంలో పడిన తయారీ సంఖ్య చివరిదాకా మారదు. రెక్కల మీది రిజిస్ట్రేషన్ అక్షరాలు యజమానితోనో దేశంతోనో మారవచ్చు గనుక, అక్షరాలను మాత్రమే నమ్ముకున్న పరిశోధకుడు ఒకే విమానాన్ని రెండుగానో, రెండింటిని ఒకటిగానో లెక్కపెట్టే ప్రమాదం ఉంది. బ్రిటన్ పౌర విమానాల పాత రిజిస్టరు పుటలను అక్కడి పౌర విమానయాన సంస్థ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. యజమాని పేరు, నమోదైన తేదీ, రద్దయిన తేదీ అన్నీ ఒకే పుటలో ఉంటాయి. ఇంట్లో కూర్చునే ఈ పని చేయవచ్చు.

ఆ తరువాతే మనుషుల దగ్గరికి రండి. విమానయాన చట్టాన్ని ఉల్లంఘించినందుకు కాటన్‌కు బ్రిటన్‌లో 200 పౌండ్ల జుర్మానా పడింది. కేసు నడిచిన చోట కాగితం పుడుతుంది. లండన్‌లోని క్యూ ప్రాంతపు జాతీయ దస్తావేజుల భాండాగారం, బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డులు అందుకే ముఖ్యమైనవి. నిజాం ప్రభుత్వం వైపు సంగతులకు మీరు అంత దూరం పోనక్కరలేదు: మారేడుపల్లికి దగ్గరలోనే, తార్నాకలో, రాష్ట్ర దస్తావేజుల కార్యాలయం ఉంది. చేతిరాత ఉర్దూ తడుముకోకుండా చదవగలవారిని వెంట తీసుకువెళ్లండి. ‘రహస్య విమానాలు’ అన్న పేరుతో ఏ దస్త్రమూ దొరకదు. మైదానాల మరమ్మతు, కరాచీతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు, ఇటువంటి సాదా దస్త్రాలను అడగండి. దాచదలచినవారు ప్రయాణం ఉద్దేశాన్ని దాచగలరు కాని, మరమ్మతు బిల్లును దాచాలని వారికి సాధారణంగా తోచదు.

ప్రశ్న: ఒడిశాలోని చర్బాటియా వైమానిక స్థావరం నుంచి అమెరికా గూఢచారి విమానాలు ఎగిరాయంటారు. సమాచార హక్కు చట్టం కింద వివరాలు అడగవచ్చునా?
– ఒక విద్యార్థి, ఉస్మానియా విశ్వవిద్యాలయం

సమాధానం: అడగవచ్చు కాని, ఆ స్థావరాన్ని వాడుకున్న ఏవియేషన్ రీసెర్చ్ సెంటర్ (భారత గూఢచారి వ్యవస్థకు చెందిన వైమానిక విభాగం) ఆ చట్టపు రెండవ షెడ్యూలులో ఉంది గనుక, అవినీతి లేదా మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించినది తప్ప, దాని సమాచారానికి చట్టం వర్తించదు. అవతలి దేశపు కాగితాలు చూడండి. సీఐఏ 2013లో బయటపెట్టిన యూ-2 విమానాల చరిత్రలో, 1964 మే 24న చర్బాటియా నుంచి తొలి ప్రయాణం జరిగిందనీ, మూడు రోజులకే నెహ్రూ మరణించడంతో పని ఆగిపోయి, డిసెంబరులో మళ్లీ సాగిందనీ ఉంది. చైనా సరిహద్దుపై నిఘా కోసం తలపెట్టిన ఆ పనిని గురించి పరీక్షకు రాసేటప్పుడు ఈ మూడు తేదీలను ఆధారంగా పెట్టుకోండి.