12 అంగుళాలంటే పొడవా, నోరా?

సందేహం: మాది అమలాపురం. పంపుసెట్ల సామాన్ల కొట్టుకు తెలుగులో ధరల పట్టిక రాస్తున్నాను. పెద్ద వాటర్‌పంపు ప్లయర్లు రెండు కంపెనీలవి ఉన్నాయి. ‘నిపెక్స్ ఛానెల్‌లాక్ 12 అంగుళాల సర్దుబాటు ప్లయర్స్’ అని రాస్తే సరేనా? రెండింట్లో ఏది మేలని రాయాలి?

సమాధానం: సరికాదు. ఛానెల్‌లాక్ పనిముట్టు పేరు కాదు, అమెరికాలోని మీడ్‌విల్ కంపెనీ పేరు. నిపెక్స్ జర్మనీది, దాని ప్లయరు పేరు కోబ్రా. మీరు రాసినట్టయితే రెండు కంపెనీలు కలిసి ఒకే సరుకు చేసినట్టవుతుంది. ‘ప్లయర్స్’ ఇంగ్లీషులో నిత్యబహువచనం. మనకు కత్తెర ఏకవచనమే, ప్లయరూ అంతే. ‘సర్దుబాటు’ లెక్కలకూ తగాదాలకూ వాడే మాట. ఇక్కడ ‘నోరు జరిపే ప్లయరు’ అంటే చాలు. పట్టకారు అనవచ్చు గానీ చదివేవాళ్లకు పొయ్యి గుర్తొస్తుంది.

అసలు చిక్కు ‘12 అంగుళాల’ దగ్గర ఉంది. ‘అంగుళాల’ అన్న షష్ఠి కొలతను చెబుతుందే తప్ప దేని కొలతో చెప్పదు. కంపెనీలు చెప్పేది మొత్తం పొడవు, కొనేవాళ్లు చూసుకునేది నోరు, అంటే దవడలు ఎంత తెరుచుకుంటాయన్నది. ఆ పొడవుకే ఛానెల్‌లాక్ 440 అనే మోడల్ నోరు రెండుంపావు అంగుళాలు, అంటే 57 మి.మీ.; కోబ్రా 300 అయితే 70 మి.మీ. గొట్టం దాకా పడుతుంది. ఇంకో మెలిక: గొట్టానికి మనం చెప్పే అంగుళాలు కూడా బయటి కొలత కాదు. రెండంగుళాల జీఐ (జింకు పూత ఇనుప) గొట్టం బయట 60 మి.మీ. పైనే ఉంటుంది. 440ని ‘రెండుంపావు నోరు’ అని నమ్మి బోదెలో దిగినవాడికి ఆ గొట్టం నోట పట్టదు.

అలాగని నిపెక్స్ ఎప్పుడూ మేలని రాయకండి. పదహారు అంగుళాల వరుసలో కోబ్రా 400 పట్టేది 90 మి.మీ., ఛానెల్‌లాక్ 460 నోరు 108. మూడంగుళాల జీఐ గొట్టం బయట 89, అంటే కోబ్రాకు చివరి గాడే (నోరు జరిపి నిలిపే మెట్టే) దిక్కు. తెలుగులో ‘మేలు’కు ‘దేనికి’ అన్న మాట తోడుండాలి. ఒక చేత్తో గొట్టం పట్టుకుని పని చేసేవాళ్లకు బొత్తాం నొక్కి జరిపే కోబ్రా మేలు. ఛానెల్‌లాక్‌లో పిడులు బాగా విప్పి గాడి మార్చాలి. బురద చేరి గాడి పూర్తిగా కూర్చోకపోతే బిగించేటప్పుడు జారుతుంది.

పట్టికలో ఇలా రాయండి: ‘నిపెక్స్ కోబ్రా 300. పొడవు 12 అంగుళాలు. బయటి కొలత 70 మి.మీ. దాకా గొట్టం పడుతుంది.’ రెండోదానికీ ఇదే వరస. కింద ‘పళ్లున్న నోరు, మెరుగు కుళాయిలకు వాడరాదు’ అని చేర్చితే గీతలు పడ్డాయని ఎవరూ తిరిగి తేరు.