అడవిలో స్టేషన్ ఎవరి కోసం?

పాఠకుల ప్రశ్నలకు మాజీ స్టేషన్ మాస్టరు జవాబులు

ప్రశ్న: నంద్యాల నుంచి గిద్దలూరుకు ప్యాసింజరులో వెళ్లాను. గాజులపల్లె దాటగానే నల్లమల మొదలైంది. కాసేపటికి చెలమ అనే స్టేషన్‌లో బండి ఆగింది. చుట్టుపక్కల ఊరు కనిపించలేదు, ఎక్కినవారు లేరు, దిగినవారు లేరు. ఇంత అడవిలో ఈ స్టేషన్ ఎవరి కోసం కట్టారు మాస్టారూ? – ఒక ఉపాధ్యాయురాలు, నంద్యాల

జవాబు: రైలు కోసం కట్టారమ్మా. స్టేషన్ అనగానే మనకు టికెట్ల కిటికీ, టీ కొట్టు, మూటలతో జనం గుర్తుకొస్తారు. ఒంటి లైను మీద స్టేషన్‌కు అసలు పని వేరు. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లు ఎక్కడో ఒకచోట తప్పుకోవాలి. గాజులపల్లెకూ దిగువమెట్టకూ మధ్య ఆ ఏర్పాటు లేకపోతే, అటునుంచి బయలుదేరిన గూడ్సు కొండలన్నీ దిగి వచ్చేదాకా మీ ప్యాసింజరు గాజులపల్లెలో పడిగాపులు కాయాల్సిందే. అందుకని అడవి నడుమ కాస్త చదునైన చోటు చూసి, పక్కన ఇంకో పట్టా పరిచి, ఒక గది కట్టి, మాస్టరునూ, బండికి పట్టా మార్చే పాయింట్స్‌మన్‌లనూ కూర్చోబెట్టారు. ప్రయాణికుడు ఎక్కితే సంతోషం, ఎక్కకపోయినా స్టేషన్‌కు లోటు లేదు.

ఇక ఈ లైను అడవిలోకి ఎందుకొచ్చిందంటే, కరువు తెచ్చింది. మద్రాసు వైపు నుంచి వేసుకొచ్చిన లైను, బొంబాయి వైపు నుంచి వచ్చిన లైను 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. అంటే 1876లో ధాత కరువు వచ్చేసరికే కడప, తాడిపత్రి, గుత్తి, ఆదోని పట్టాల మీద ఉన్నాయి. ధాన్యం మూటలు స్టేషన్లకు చేరాయి. అక్కడి నుంచి పల్లెలకు మోయాల్సింది ఎద్దుల బండ్లు. మేత లేక, నీళ్లు లేక ఎద్దులే చచ్చిపోతుంటే బండి కట్టేదెవరు? పట్టాలకు దూరంగా ఉన్న తాలూకాలలో జనం ఆకలితో రాలిపోయారు. ఆ తర్వాత వేసిన కరువు కమిషన్ 1880లో ఇచ్చిన నివేదికలో, కరువు ప్రాంతాలకు రైలు మార్గాలు పెంచాలని గట్టిగా చెప్పింది. బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే పేరుతో గుంతకల్లు నుంచి ద్రోణాచలం, నంద్యాల, కంభం మీదుగా కృష్ణా నది వైపు మీటర్‌గేజ్ (సన్న పట్టాల) లైను వేసింది ఆ ఊపులోనే. తర్వాత అది సదరన్ మరాఠా రైల్వే చేతికి వచ్చింది. 1908లో ఆ కంపెనీ మద్రాసు రైల్వేతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. డెల్టా బియ్యం కరువు సీమకు చేరాలంటే అడ్డంగా నల్లమల ఉంది. కొండలను పక్కకు జరపలేరు కాబట్టి వాటిలోంచే దారి తీశారు.

ఆ దారి ఎంత కష్టమో ఇప్పుడు రైలు కిటికీలోంచి తెలియదు. మీరు వెళ్లింది కొత్త దారి. 1990లలో బ్రాడ్‌గేజ్‌కు, అంటే వెడల్పు పట్టాలకు మార్చినప్పుడు ఘాట్‌లో పాత మలుపులను వదిలేసి వేరే దారిన పట్టాలు వేశారు. పాత దారిలో చెలమ, బొగడ స్టేషన్ల మధ్య లోయ మీద దొరబావి వంతెన ఉండేది. దాని మీద బండి నడిచినంతసేపు డబ్బాలో మాటలు ఆగిపోయేవి. కింద చెట్ల కొనలు కనిపిస్తాయి, పక్కన గోడ ఉండదు. బొగడ సొరంగంలోకి వెళ్లేముందు కిటికీల తలుపులు దించమని పెద్దవాళ్లు కేకలు పెట్టేవారు. దించని డబ్బాలో అందరి ముఖాలకూ మసి. ఇప్పుడు ఆ వంతెన మీద పట్టాలు లేవు, ఆ పాత సొరంగంలో బండి లేదు.

నేనూ అలాంటి అడవి స్టేషన్‌లో పనిచేశాను. ఎక్కడో చెప్పను. అప్పటి పై అధికారి ఎవరో జనం ఇట్టే పట్టేస్తారు. నెలల తరబడి సెలవు ఇవ్వనివాడి పేరు ఇప్పుడు పత్రికకు ఎక్కించడం ఎందుకు? పని మాత్రం చెబుతాను, ఎందుకంటే ఈనాటి పిల్లలకు అది నమ్మశక్యం కాదు.

నా బల్ల పక్కన నిలువెత్తు ఇనుప పెట్టె ఒకటి ఉండేది. పక్క స్టేషన్‌లోనూ అలాంటిదే. రెండింటినీ కలుపుతూ తీగ. బండి పంపాలంటే ముందు గంట కొట్టి పక్క మాస్టరును పిలవాలి. ఆయన దారి ఖాళీగా ఉందని ‘లైన్ క్లియర్’ ఇచ్చి, తన పెట్టె మీది బొత్తాం నొక్కి పట్టుకుంటేనే నా పెట్టె పిడి తిరుగుతుంది. తిప్పగానే లోపలినుంచి గడగడమంటూ ఒక లోహపు గుండు దొర్లి కింద గిన్నెలో పడుతుంది. బత్తాయి కన్నా కాస్త పెద్దది, దాని మీద రెండు స్టేషన్ల పేర్లు చెక్కి ఉంటాయి. అదే టోకెను. ఆ గుండు చేతికి రానిదే డ్రైవరు బండి కదపడు. ఒకటి బయటికి వచ్చాక, అది తిరిగి ఏదో ఒక పెట్టెలో పడేదాకా రెండోది రాదు. ఒకే పట్టా మీదికి ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండా కాపాడిన ఏర్పాటు ఇది. కంప్యూటరూ లేదు, తెరా లేదు.

గుండును తోలుసంచిలో వేసి, ఆ సంచిని పెద్ద వలయానికి తగిలించి పాయింట్స్‌మన్ పట్టాల పక్కన నిలబడతాడు. ఆగని బండి అయితే ఇంజన్‌లోని ఫైర్‌మన్ ఒక చేత్తో వెనకటి సెక్షన్ (రెండు స్టేషన్ల మధ్య దారి) టోకెను విసిరేస్తాడు, ఇంకో చేతిని వలయంలోకి దూర్చి కొత్తది లాక్కుంటాడు. పగలైతే చూడముచ్చటగా ఉంటుంది. రాత్రి కాగడా వెలుతురులో, వానలో, విసిరిన సంచి బలుసు పొదల్లో పడితే అప్పుడు తెలుస్తుంది. ఆ గుండు దొరికి పెట్టెలో పడేదాకా వెనక సెక్షన్‌లోకి ఇంకో బండి రాకూడదు. పాయింట్స్‌మనూ నేనూ హరికేన్ లాంతరు పట్టుకుని ముళ్లలో వెతుకుతుంటే, అవతల బండ్ల రాకపోకలు చూసే కంట్రోల్ ఆఫీసు నుంచి ఫోను మోగుతూనే ఉండేది.

కూరగాయలు నంద్యాల నుంచి గార్డు పెట్టెలో వచ్చేవి. గార్డు మంచివాడైతే మంచి వంకాయలు, కాకపోతే మిగిలినవి. తాగే నీళ్లు కొన్నాళ్లు ట్యాంకు వ్యాగన్‌లో తెచ్చి పోసేవారు. ఇప్పచెట్లు పూసే రోజుల్లో రాలిన పువ్వు కోసం ఎలుగుబంట్లు స్టేషన్ దాపులకు వచ్చేవి. సిగ్నల్ దీపాలలో కిరోసిన్ పోయడానికి వెళ్లేవాడు ఆ రోజుల్లో తోడు లేకుండా కదిలేవాడు కాదు. చెంచులు తేనె తెచ్చి ఇచ్చి, డబ్బు కన్నా ఉప్పు, మిరపకాయలే అడిగేవారు. ప్రయాణికులు లేరన్నారే, వీళ్లు ఉండేవారమ్మా. గిద్దలూరు సంతకు, నంద్యాల ఆసుపత్రికి వాళ్లకు ఆ ఒక్క ప్యాసింజరే దిక్కు.

ప్రశ్న: మాది జమ్మలమడుగు. మా ఊరికి రైలు 2016లో వచ్చింది. అంతకు ముందు ఎర్రగుంట్లకో ముద్దనూరుకో వెళ్లి ఎక్కేవాళ్లం. వెనకటికి బొంబాయి లైను వేసేటప్పుడు మా పెద్దలే ‘పొగబండి వస్తే ఊరు చెడుతుంది, వద్దు’ అన్నారని చెబుతారు. నిజమేనా? – ఒక పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: ఈ కథ ప్రతి ఊళ్లోనూ ఉంది నాయనా. రైలు రాని ఊరల్లా, మా పెద్దలే వద్దన్నారని చెప్పుకుంటుంది. వద్దంటే వినడానికి ఆ కంపెనీ మన పెద్దలను అడిగితే కదా! మ్యాపు తీసి చూడండి. ఎర్రగుంట్ల, ముద్దనూరు పెన్నేటికి దక్షిణాన ఉన్నాయి. మీ ఊరు, ప్రొద్దుటూరు ఉత్తరపు గట్టున ఉన్నాయి. అప్పటికే చెయ్యేరు, పాపాఘ్ని మీద వంతెనలు కట్టుకుంటూ వస్తున్నవాళ్లు, మీ రెండు ఊళ్ల కోసం అక్కడ ఇంత వెడల్పు పెన్నేటిని దాటుతారా? మద్రాసు నుంచి బొంబాయికి టపా, సైన్యం, పత్తి తొందరగా చేరడం వాళ్లకు ముఖ్యం. జిల్లా కేంద్రమైన కర్నూలునే వదిలేసి ఆదోని మీదుగా పోయింది ఆ లైను. ఇక జమ్మలమడుగు లెక్క ఎంత?

దారిలో ఊరు లేకపోతే, దగ్గరలో ఉన్న పేరున్న ఊరికి ‘రోడ్’ తగిలించి బోర్డు పెట్టడం రైల్వేకు అలవాటు. మంత్రాలయం రోడ్ అలాంటిదే. ఒకప్పుడు దాని పేరు తుంగభద్ర స్టేషన్. స్వామి దర్శనానికి వెళ్లేవారు అక్కడ దిగి ఇంకా పదిహేను కిలోమీటర్లు పైగా పోవాలి. పేరు చూసి గుడి ముందే దిగుతామనుకుని మూటలు సర్దుకున్న ముసలమ్మలను చాలామందిని చూశాను.

మీ నంద్యాల–ఎర్రగుంట్ల లైను 123 కిలోమీటర్లు. బనగానపల్లె, కోవెలకుంట్ల, సంజామల, నొస్సం కూడా దానితోనే పట్టాలెక్కాయి. ఆలస్యానికి పెద్దలను తప్పుపట్టకండి, బడ్జెట్లను పట్టండి.

ప్రశ్న: మంగపట్నం దగ్గర పూర్వం మెయిలు బండి వాగులో పడిపోయిందని మా తాత చెప్పేవారు. అది కథా, జరిగిందా? – ఒక డిగ్రీ విద్యార్థి, కొండాపురం

జవాబు: జరిగింది. 1902 సెప్టెంబరు 12 రాత్రి. ముద్దనూరు, కొండాపురం మధ్య ఉన్న చిన్న స్టేషనే మంగపట్నం. కుండపోత వానకు వాగు పొంగి వంతెన కొట్టుకుపోయింది. చీకట్లో డ్రైవరుకు అది తెలియలేదు. మెయిలు నీళ్లలోకి దూకింది. ఎందరో చనిపోయారు. ఏడాదంతా ఇసుక తప్ప నీటిచుక్క కనిపించని మన వాగులు సెప్టెంబరు, అక్టోబరులలో ఒక్క రాత్రిలో ఏం చేస్తాయో సీమవాళ్లకు చెప్పనక్కర్లేదు.

అందుకే వానాకాలంలో రాత్రి గస్తీ తిరుగుతారు. పట్టాల బాగోగులు చూసే గ్యాంగ్‌మన్ ఒకడు లాంతరు, ఎర్ర జెండా, పటాకాలు పట్టుకుని తన హద్దు చివరిదాకా నడుస్తాడు. అవతలినుంచి వచ్చినవాడితో గస్తీ పుస్తకం మార్చుకుని వెనక్కి తిరుగుతాడు. పటాకా అంటే దీపావళిది కాదు. పట్టా మీద బిగించే చిన్న రేకు డబ్బీ. చక్రం ఎక్కగానే ఢామ్మని పేలుతుంది, డ్రైవరు బ్రేకు వేస్తాడు. గట్టు కోసుకుపోయిందని చూసినవాడు బండి వచ్చే వైపు పరుగెత్తి ముందు ఇవి బిగించాలి, తర్వాతే మిగతా కబురు. నా ఉద్యోగంలో నాకు అందరికన్నా గౌరవం ఉన్నది ఈ గస్తీ మనుషుల మీద. తెల్లారి టీ తాగడానికి వచ్చినప్పుడు వాళ్ల పాదాలు తడిసి తెల్లగా ముడతలు పడి ఉండేవి.

ప్రశ్న: గుంతకల్లులో హంపన్న అనే రైల్వే గేటు కాపరికి స్మారకం ఉందని విన్నాను. ఆయన ఎవరు? – ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: 1893లో గుంతకల్లు దగ్గర రైల్వే గేటుకు కాపలా ఉన్న మనిషి. సైనికుల రైళ్లు గుంతకల్లులో ఆగి, దళాలు అక్కడ విడిది చేసేవి. అలా దిగిన తెల్ల సిపాయిలు దారిన పోయే ఇద్దరు ఆడవాళ్లను తరిమారు. వాళ్లు వచ్చి హంపన్న గుమ్టీలో, అంటే గేటు పక్కని చిన్న గదిలో తలదాచుకున్నారు. ఆయన తలుపుకు అడ్డం నిలబడ్డాడు. సిపాయి తుపాకీ పేల్చాడు. అక్టోబరు 4న జరిగింది ఇది. కేసు మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది, సిపాయి నిర్దోషిగా బయటికి వచ్చాడు. గుత్తి వకీలు పి. కేశవపిళ్లై ఈ దారుణాన్ని పత్రికలకు రాసి దేశమంతా తెలిసేలా చేశారు. జనం చందాలు వేసుకుని స్మారకం కట్టారు.

గుంతకల్లు పేరు చెబితే జంక్షను, నాలుగు దిక్కుల లైన్లు అని చెబుతారు. నాకు అడిగితే ముందు హంపన్న పేరు చెబుతాను. ఈసారి బండి మారడానికి అక్కడ గంటలు గంటలు కాయాల్సి వస్తే, ప్లాట్‌ఫాం మీద ఫోను చూసుకుంటూ కూర్చోకుండా వెళ్లి చూసి రండి.

ప్రశ్న: స్టేషన్ పేరు బోర్డు కింద ఉండే మీటర్ల అంకె దేనికి? – ఎనిమిదో తరగతి విద్యార్థి, గార్లదిన్నె

జవాబు: సముద్ర మట్టానికి ఆ చోటు ఎంత ఎత్తో చెప్పే అంకె బాబూ. ఒక స్టేషన్ అంకెనూ తర్వాతి స్టేషన్ అంకెనూ చూస్తే, మొత్తం మీద ఎక్కుతున్నామా దిగుతున్నామా తెలుస్తుంది. గుంతకల్లు నుంచి కడపకు వెళ్లేటప్పుడు కిటికీ దగ్గర కూర్చుని ఆ అంకెలన్నీ రాసుకో. మన నేల ఏ వైపు వాలిందో నీ నోటుబుక్కే చెబుతుంది.

ప్రశ్న: మా పల్లె స్టేషన్‌లో మాస్టరును తీసేశారు. ఇప్పుడు బయటి మనిషి ఒకాయన టికెట్లు ఇస్తున్నాడు. దీన్ని మూసేస్తారా? – ఒక రైతు, పెండేకల్లు ప్రాంతం

జవాబు: దాన్ని హాల్ట్ అంటారు. ఆ మనిషి ఏజెంటు. దగ్గరి పెద్ద స్టేషన్‌లో డబ్బు కట్టి టికెట్లు తెచ్చుకుంటాడు, అమ్మినదాని మీద కమీషన్ వస్తుంది. రెండో లైను, కరెంటు సిగ్నళ్లు వచ్చాక బండ్లు తప్పుకోవడానికి అన్ని స్టేషన్లు అవసరం లేకుండా పోయాయి. చెలమ గురించి పైన చెప్పిందే ఇక్కడ తిరగబడింది. రైలుకు మీ స్టేషన్‌తో పని తీరింది కాబట్టి ఇక మీ అవసరం ఒక్కటే దాన్ని నిలబెట్టాలి.

ఆ అవసరం రైల్వేకు టికెట్ల అమ్మకం రూపంలోనే కనిపిస్తుంది. మీ పల్లెలో ఎక్కి, టికెట్ మాత్రం పై స్టేషన్‌లో తీసుకునేవారు చాలామంది ఉంటారు. కొందరైతే అసలు తీసుకోరు, నాకు తెలియనిదా! ఏజెంటు దగ్గరే కొనమని ఊళ్లో చెప్పండి. డివిజన్ కార్యాలయానికి అర్జీ పెట్టేటప్పుడు ‘మా స్టేషన్ చారిత్రకమైనది’ అని రాయకండి, అక్కడ ఎవరూ చదవరు. ఏ బండికి ఎంతమంది ఎక్కుతున్నారు, బడికి పోయే పిల్లలెందరు, సంత ఏ వారం, బస్సు ఎంత దూరం అని రాసి, ఏజెంటు దగ్గర నెలవారీ అమ్మకాల లెక్క జతచేసి పంపండి.