చెనక్కాయ మానేసి చీనీ పెట్టాలా?

ప్రశ్న: మాకు ఆరెకరాల ఎర్రనేల, ఒక బోరు ఉన్నాయి. చెనక్కాయ (వేరుశనగ) దెబ్బతింటూనే ఉంది. చుట్టూ అందరూ చీనీ (బత్తాయి) పెడుతున్నారు. వాతావరణం మారేకొద్దీ రైతులు ఏ పంటకు మారతారో కంప్యూటర్‌తో లెక్క కడుతున్నామని మా ఊరికి సర్వేకు వచ్చినవాళ్లు చెప్పారు. ఆ లెక్క ప్రకారం నేనేం పెట్టాలి?
– ఒక రైతు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా

జవాబు: ఆ లెక్క మీ ఒక్క చేను కోసం కట్టేది కాదు. వానను, ఎండను, నేల లోతును బట్టి ముందు ఒక్కో పంట దిగుబడి అంచనా వేస్తారు. ఆ తర్వాత పెట్టుబడి, కూలీలు, ధర, నీళ్లు చూసుకుని రైతులు ఎటు మొగ్గుతారో లెక్కిస్తారు. పక్క చేను చూసి మారేవాళ్లను కూడా కొన్ని లెక్కల్లో కలుపుతారు. మీరు ముఖ్యంగా పట్టించుకోవాల్సింది దీన్నే. మీ ప్రాంతంలో నీళ్లు రాతి పగుళ్లలోనే ఉంటాయి. ఊరంతా చీనీ పెడితే అన్ని బోర్లూ ఆ నీళ్లనే తోడతాయి. కరువొచ్చినప్పుడు ట్యాంకర్లతో నీళ్లు తోలి కూడా తోటలు దక్కించుకోలేకపోయిన రైతులు మీ జిల్లాలోనే ఉన్నారు.

జిల్లా సగటు వాన సుమారు 550 మి.మీ. ఆ సగటును నమ్మి తోట పెట్టకండి. చెనక్కాయ పోతే ఒక పంటకాలం పోయినట్టు. చీనీ కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది, మధ్యలో ఎండితే అన్నేళ్ల పెట్టుబడీ పోతుంది. మీకు గుర్తున్న కరువు ఏడాది మే నెలలో బోరు ఎంత పోసిందో, ఆ నీళ్లతో డ్రిప్పు మీద ఎన్ని చెట్లు బతుకుతాయో అన్నే నాటండి. ఆరేసి మీటర్ల ఎడంతో ఎకరాకు 110 చెట్ల దాకా పడతాయి. ఒక్క బోరు మీద ఎకరం దాటి వెళ్లొద్దని నా సలహా.

మిగతా నేలలో చెనక్కాయను పూర్తిగా మానకండి. ఊడలు (పూత తర్వాత కాయ ఊరడానికి నేలలోకి దిగే కాడలు) దిగే వేళ వాన ముఖం చాటేస్తే ఎర్రనేల గట్టిపడి ఊడ లోపలికి పోదు, కాయ ఊరదు. అందుకే ఏడు సాళ్లకు ఒక సాలు కంది వేయండి. దాని వేరు లోతుకు పోతుంది, ఆలస్యంగా పడ్డ వానను కూడా వాడుకుంటుంది. జూలై దాటినా విత్తడానికి సరిపడా పదును కాకపోతే చెనక్కాయ విత్తనం మీద డబ్బు పెట్టకుండా కొర్ర వేసుకోండి. ఇంకా ఆలస్యమైతే ఉలవ ఉండనే ఉంది. రాళ్లు తేలిన నేల ముక్కలో సీతాఫలం, రేగు నాటండి. మొక్క నిలదొక్కుకునేదాకా నీళ్లు పోస్తే చాలు.

చీనీ మొక్కలకు బయానా ఇచ్చే ముందు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో 200 లీటర్ల డ్రమ్ము మీ బోరు కింద పెట్టి, నిండటానికి ఎంతసేపు పడుతుందో వారానికోసారి రాసుకోండి. ఆ కాగితం తీసుకెళ్లి మీ మండల ఉద్యాన అధికారికి చూపించండి.