సౌత్ సూడాన్‌లో ఉన్న సైనికుడికి ఇంటి నుంచి ఏం పంపాలి?

"మా ఆయన శాంతిసేనతో సౌత్ సూడాన్ వెళ్ళారు. పుట్టినరోజుకు వాచ్ పంపనా, డ్రైఫ్రూట్స్ పంపనా?" అని అడిగారు కదా చెల్లెమ్మా. రెండూ వద్దు. పొడులు పంపండి. ఆయన ఒక్కరికి సరిపోయేంత కాదు, పదిమందికి సరిపోయేంత పంపండి.

2022లో మా తమ్ముడు ఆ దేశంలోనే మలకాల్ దగ్గర ఉన్నాడు. మాది తాడిపత్రి పక్కన పల్లె. వాళ్ళ యూనిట్‌లోని ఒక కన్నడ అబ్బాయి లీవు అయిపోయి బెంగళూరు నుంచి రైల్లో ఢిల్లీ పోతున్నాడని, అనంతపురం స్టేషన్లో అందిస్తే ఏదైనా తీసుకొస్తాడని తమ్ముడు ఫోన్ చేశాడు. ఇక నేను ఆగలేదు. రెండు చొక్కాలు, ఒక వాచ్, బాదం, జీడిపప్పు డబ్బా, ఆవకాయ సీసా కొన్నాను. అమ్మ నిప్పట్లు (చెక్కలు) కాల్చింది, పప్పుల (పుట్నాల) పొడి, చెనిక్కాయల (వేరుశనగ) పొడి కొట్టింది. మా పాప అప్పుడు రెండో తరగతి. మామకు నోటుపుస్తకంలోంచి రెండు కాగితాలు చించి జాబు రాసింది. అంతా కలిపి ఆరు కేజీలు దాటింది.

రైలు వచ్చింది. ఆ అబ్బాయి తలుపు దగ్గర నిలబడి సంచి చేత్తో ఎత్తి చూశాడు. "అక్కా, మూడు కేజీల కంటే పట్టదు. విమానంలో బరువు లెక్క ఉంటుంది" అన్నాడు. రైలు ఆగేదే రెండు మూడు నిమిషాలు. నాకు టెన్షన్‌తో చేతులు వణికాయి. ఏది తియ్యాలో తోచలేదు. చొక్కా తీస్తే మనసొప్పదు, వాచ్ అంటే ఐదు వేలు పెట్టి కొన్నది.

అప్పటిదాకా మాట్లాడని అమ్మ ప్లాట్‌ఫారం మీదే కూర్చుంది. చొక్కాలు తీసి నా ఒళ్ళో వేసింది. "వాడు ఈడ ఉన్నప్పుడే గడియారం పెట్టుకోల్యా, ఆడ ఎవరికి చూపిచ్చుకునేకి?" అంటూ వాచ్ తీసేసింది. డ్రైఫ్రూట్స్ తీసేసింది. ఆవకాయ సీసా పగిలితే అందరి బట్టలూ పాడవుతాయని దాన్నీ తీసింది. పొడులు, నిప్పట్లు, పాప జాబు మిగిలాయి. సంచి ఆ అబ్బాయి చేతికి పోయేసరికి రైలు కదిలింది. ఇంటికొచ్చేదాకా నేను అమ్మతో మాట్లాడలేదు.

పన్నెండు రోజులకు తమ్ముడు ఫోన్ చేశాడు. మనకు రాత్రి తొమ్మిదైతే అక్కడ సాయంత్రం ఐదున్నర. నిప్పట్లు దారిలోనే నుగ్గునుగ్గయ్యాయంట, ఆ నుగ్గునే పెరుగన్నంలో నంజుకున్నారంట. పప్పుల పొడిని పంజాబీ పిల్లలు రొట్టెల్లోకి నూనెతో కలుపుకుని తిన్నారంట. నాలుగు రోజుల్లో డబ్బాలు ఖాళీ. "సెక్షన్లో పదిమందిమి ఉంటాం కదక్కా, ముందర పెట్టుకుని ఒక్కణ్ణే ఎట్లా తింటా?" అన్నాడు. నేను పంపింది పప్పుల పొడి అర కేజీ, చెనిక్కాయల పొడి అర కేజీ. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో కలుక్కుమంటుంది. ఆ చొక్కాలు, వాచ్ కొన్న డబ్బుతో ఎంత పొడి కొట్టొచ్చు!

బియ్యం, పప్పు, గోధుమపిండి ఐక్యరాజ్యసమితి వాళ్ళే ఇస్తారు, వంటవాళ్ళు ఉంటారు. కాబట్టి కడుపు నింపేవి పంపక్కర్లేదు. అక్కడ మలేరియా ఎక్కువే, కానీ మాత్రలు, దోమతెరలు యూనిట్ ఇస్తుంది. నోటికి రుచి, ఇంటి కబురు, ఈ రెండే మనం పంపాల్సినవి. ఈమధ్య ఆన్‌లైన్‌లో సైనికుల గిఫ్ట్ బాక్సులని అమ్ముతున్నారు. జెండా బొమ్మ వేసిన కప్పు, కీచైన్, చాక్లెట్లు రెండు, ధర రెండు వేలు. ఆ ఎండకు చాక్లెట్ చేరేలోపే కరిగిపోతుంది. దయచేసి కొనొద్దు.

ఇంకొకటి. బంధువులు వాట్సాప్ స్టేటస్‌లో "మా అల్లుడు ఫలానా యూనిట్, ఫలానా తేదీ విమానం" అని ఫొటోలతో పెట్టేస్తున్నారు. మా ఇంట్లోనూ ఒకాయన పెట్టాడు, గొడవపడి తీయించాను. అలా పెడితే వాళ్ళకే ప్రమాదం, పెట్టొద్దని మీరూ గట్టిగా చెప్పండి.

జాబు మాత్రం మర్చిపోవద్దు. ఫోన్ ఉంది కదా అనుకోకండి, సిగ్నల్ పోయిన రోజుల్లో చేతిలో ఉండేది కాగితమే. అందులో పెద్ద మాటలు రాయాల్సిన పని లేదు. మా పాప తన జాబులో బోర్లో నీళ్ళు తగ్గాయని, ఎర్రావు ఈనిందని, తాత చెనిక్కాయలు ఇంకా అమ్మలేదని రాసింది. తమ్ముడు ఆ మూడో మాట పట్టుకుని ధరెంతుందని మూడుసార్లు ఫోన్ చేశాడు. అక్కడ కూడా జొన్నే ముఖ్యమైన తిండి, చెనిక్కాయ కూడా వేస్తారంట. నేల మన నల్లరేగడి లాంటిదేనంట. వానలు పడితే బండ్లు బురదలో కూరుకుపోయి కదలవని చెప్పేవాడు.

ఆ వానలు దాదాపు మే నుంచి అక్టోబర్ దాకా ఉంటాయి. అందుకే పొడిలో తేమ ఉండకూడదు. చెనిక్కాయలు సన్నమంట మీద బాగా వేయించి, పూర్తిగా చల్లారాకే కొట్టండి. ఉప్పు కూడా వేయించి వేయండి. ఎండుకొబ్బరి కలపొద్దు, తొందరగా ముక్కిపోతుంది. చెనిక్కాయల పొడి కంటే పప్పుల పొడి ఎక్కువ రోజులు ఆగుతుంది, అదే ఎక్కువ చేయండి. సీసాలు వద్దు, రెండు పొరల కవర్లో గాలి లేకుండా కట్టండి.

ఎవరి చేత పంపుతున్నారో, ఎన్ని కేజీలు పడుతుందో ముందే ఫోన్ చేసి అడగండి. అది తెలిశాక నాకు రాయండి, మా అమ్మ కొలతలు చెప్తాను.