డిపెండెంట్ వీసా మీద వచ్చే భార్యకి యూకేలో ప్రైవేట్ ఇన్సూరెన్స్ అవసరమా?

ప్రశ్న: సార్, నేను బర్మింగ్‌హామ్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా. వీసా ఇంకా 2 సంవత్సరాల 8 నెలలు ఉంది. మా ఆవిడకి ఇప్పుడు మూడో నెల. ఆమె డిపెండెంట్ వీసాకి ఒక్క హెల్త్ సర్‌ఛార్జే (అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు ముందే కట్టేది) 3,105 పౌండ్లు చూపిస్తోంది. మొదటి ఆర్నెల్లు ఫ్రీ వైద్యం ఉండదు, ప్రైవేట్ ఇన్సూరెన్స్ తీసుకో అని ఒక ఫ్రెండ్, ముందు విజిట్ వీసా మీద తెచ్చెయ్ అని ఇంకో ఫ్రెండ్ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: విజిట్ వీసా మాట ముందు మర్చిపోండి, ఎందుకంటే విజిట్ మీద వచ్చినవాళ్ళకి ఇంగ్లండ్‌లో స్కాన్ల దగ్గర్నుంచి డెలివరీ దాకా ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) రేటుకి ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు, ఆ బాకీ 500 పౌండ్లు దాటి రెండు నెలలు కట్టకుండా ఉంటే వీసాలు చూసే హోమ్ ఆఫీస్‌కి తెలుస్తుంది, తర్వాత వీసాలకి అదే అడ్డం పడొచ్చు. పైగా విజిట్ వీసాని అక్కడే ఉండి డిపెండెంట్‌గా మార్చుకోవడం కుదరదు, మళ్ళీ ఇండియా వచ్చి అప్లై చేసుకోవాల్సిందే. నిండు గర్భిణిని అలా తిప్పడం నాకైతే అస్సలు ఇష్టం లేదు.

ఆర్నెల్లు ఆగాలన్నది నిజం కాదు. ఏడాదికి 1,035 చొప్పున సర్‌ఛార్జ్ కట్టేసి, వీసా గ్రాంట్ అయితే చాలు, వచ్చిన రోజు నుంచే ఆమెకి మీతో సమానంగా ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం ఉంటుంది, ప్రెగ్నెన్సీ కూడా అందులోనే. మిగిలిన 8 నెలలకి కూడా పూర్తి ఏడాది లెక్కే వేస్తారు కాబట్టి 3,105 కరెక్టే. ఎక్కువే, కాదనను, కానీ వీసా రిజెక్ట్ అయితే సర్‌ఛార్జ్ వెనక్కి ఇస్తారు. ప్రైవేట్ పాలసీల్లో మామూలు ప్రెగ్నెన్సీని సాధారణంగా కవర్ చెయ్యరు, అందులోనూ మూడో నెల నడుస్తుంటే ఇంకా కష్టం, ఆ ప్రీమియం డబ్బు దండగ.

ఆమె దిగిన వారంలోనే దగ్గర్లోని జీపీ సర్జరీలో (అంటే ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌లో) రిజిస్టర్ చేయించండి. దానికి డబ్బు కట్టక్కర్లేదు, అడ్రస్ ప్రూఫ్ లేదని కాదనడానికీ వీల్లేదు, రిసెప్షన్‌లో ఎవరైనా అడిగితే మొహమాటపడకుండా ఆ మాటే చెప్పండి. ఇండియాలో తీసిన స్కాన్ రిపోర్టులు హ్యాండ్ లగేజీలో పెట్టుకోమనండి. గర్భిణుల్ని, కాన్పుల్ని చూసుకునే మిడ్‌వైఫ్‌ని కలిసిన మొదటిరోజే మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ అడగండి, అది ఉంటే ఒక్కో మందుకి 9.90 పౌండ్లు పడే ప్రిస్క్రిప్షన్ ఛార్జ్ ఉండదు, ఎన్‌హెచ్‌ఎస్ పంటి వైద్యం కూడా డెలివరీ అయ్యాక ఏడాది దాకా ఫ్రీ. ఇది చాలామంది అడగరు, ఊరికే పోగొట్టుకుంటారు.

ఇన్సూరెన్స్‌కి అనుకున్న డబ్బు బిడ్డ పేరు మీద పక్కన పెట్టండి. అక్కడ పుట్టినా తల్లిదండ్రులిద్దరూ వీసా మీదే ఉంటే బిడ్డకి బ్రిటిష్ సిటిజన్‌షిప్ రాదు. మొదటి మూడు నెలలు వైద్యం ఫ్రీయే, ఆ లోపు బిడ్డకి కూడా వీసా అప్లై చేసి ఏడాదికి 776 చొప్పున సర్‌ఛార్జ్ కట్టాలి, వీసా ఫీజు వేరే.