చలికాలంలో చెక్ ఇంజన్ లైటు వెలిగితే ఆయిల్ మార్చాలా?

చలి ముదిరాక ఒక ఉదయం మీ కారులో చెక్ ఇంజన్ లైటు వెలిగిందనీ, నాలుగు రోజులకు దానంతటదే ఆరి, వారం తిరగకుండానే మళ్లీ వెలిగిందనీ, పలుచని ఆయిల్ పోయిస్తే పోతుందని తెలిసినవారు సలహా ఇచ్చారనీ రాశారు. ఆ సలహా నిజం కావచ్చు, కాకపోనూ వచ్చు. వరుసగా రెండు శీతాకాలాలు నా కారులోనూ ఇదే లైటు వెలిగింది. మొదటిసారి తప్పు ఆయిల్‌దే. రెండోసారి ఆయిల్‌కు ఏ సంబంధమూ లేదు.

మొదటి ఏడు రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల దరిదాపులకు దిగింది. సెల్ఫ్ కొడితే ఇంజన్ బరువుగా తిరిగేది. అందుకున్నాక కూడా కాసేపు టకటకమని చప్పుడు వచ్చేది. మూడో రోజున లైటు వెలిగింది. కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను చదివే స్కానర్ పెట్టి చూస్తే పీ0011 అనే కోడ్ వచ్చింది. ఇన్‌టేక్ క్యామ్‌షాఫ్ట్ (ఇంజన్‌లోకి గాలిని పోనిచ్చే వాల్వులను తెరిచే కడ్డీ) కంప్యూటర్ చెప్పిన స్థానంలో కాక, దానికంటే ముందుకు జరిగి ఉన్నదని ఆ కోడ్ అర్థం. వేరియబుల్ వాల్వ్ టైమింగ్, అంటే వాల్వులు తెరుచుకునే సమయాన్ని అవసరాన్ని బట్టి మార్చే ఏర్పాటు, ఉన్న ఇంజన్లలో చాలావాటికి ఆ షాఫ్టును జరిపేది ఆయిల్ ఒత్తిడే. సన్నని దారుల గుండా చిక్కని ఆయిల్ నెమ్మదిగా కదిలితే షాఫ్టు సమయానికి కదలదు, కంప్యూటర్ దానిని లోపంగా నమోదు చేస్తుంది. పాత సర్వీసు బిల్లు తీసి చూస్తే, మాన్యువల్ 5డబ్ల్యూ-30 గ్రేడు పోయమంటే బండిలో ఉన్నది 10డబ్ల్యూ-40 అనే మరింత చిక్కని ఆయిల్. బిల్లు చదవకుండా సంతకం పెట్టిన తప్పు నాదే. సరైన ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయించాక ఆ కోడ్ మళ్లీ రాలేదు.

ఇక్కడ డబ్బా మీది అంకెల గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే వీటిని తప్పుగా చదివేవారే ఎక్కువ. డబ్ల్యూ అంటే వింటర్. 5డబ్ల్యూ ఆయిల్ మైనస్ 30 డిగ్రీల దగ్గర ఇంజన్‌ను సెల్ఫ్ తిప్పగలిగేంత పలుచగానూ, మైనస్ 35 దగ్గర పంపు లాగగలిగే స్థితిలోనూ ఉండాలని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘమైన ఎస్‌ఏఈ ప్రమాణం చెబుతుంది. 10డబ్ల్యూకు ఆ పరీక్షలు మైనస్ 25, మైనస్ 30 దగ్గర జరుగుతాయి, 0డబ్ల్యూకు మైనస్ 35, మైనస్ 40 దగ్గర. రెండో అంకె ప్రధానంగా 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనాన్ని సూచిస్తుంది. అంతేగాని 5డబ్ల్యూ-30 ఆయిల్ చలిలో పలుచగా ఉండి వేడెక్కాక చిక్కబడుతుందని కాదు. ఏ ఇంజన్ ఆయిల్ అయినా చల్లబడితే చిక్కబడుతుంది, వేడెక్కితే పలుచబడుతుంది. లెక్క ప్రకారం నా 10డబ్ల్యూ ఆయిల్‌తో ఆ చలిలో ఇంజన్ స్టార్ట్ కావాలి, అయింది కూడా. కాని సెల్ఫ్ తిరుగుతుందన్న హామీ వాల్వ్ టైమింగ్‌కు కూడా వర్తిస్తుందని అనుకోకూడదు.

కాబట్టి చలి కోసం మార్చవలసి వస్తే మొదటి అంకెనే మార్చండి, అదీ మాన్యువల్ అనుమతిస్తేనే. 5డబ్ల్యూ-30 బదులు 0డబ్ల్యూ-30 వేరు, 5డబ్ల్యూ-40 బదులు 0డబ్ల్యూ-20 వేరు. రెండోది వేడిలో బేరింగుల మీద నిలవవలసిన పొరనే పలుచన చేస్తుంది. డబ్బా మీద ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) లేదా ఏసీఈఏ (ఐరోపా కార్ల తయారీదారుల సంఘం) ఇచ్చే నాణ్యతా తరగతి కూడా మాన్యువల్‌తో సరిపోవాలి, ముఖ్యంగా పొగగొట్టంలో మసిని పట్టే పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న డీజిల్ బండ్లకు.

మరుసటి ఏడు లైటు వెలగగానే మళ్లీ ఆయిలేనని తీర్మానించుకున్నాను. కోడ్ చూస్తే పీ0128: కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, చేరవలసిన వేడికి చేరడం లేదు. ఇంజన్ వేడెక్కేదాకా ఆ ద్రవాన్ని రేడియేటర్‌కు పోనీయకుండా ఆపే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయింది. హీటర్ నుంచి గోరువెచ్చని గాలే వస్తున్నదని వారం రోజులుగా గమనిస్తూ కూడా, అదంతా చలి వల్లనేనని సరిపెట్టుకున్నాను. ఆయిల్ మార్చి ఉంటే ఆ ఖర్చు దండగే అయ్యేది. బ్యాటరీ బలహీనపడి స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజ్ పడిపోయినా పొంతన లేని కోడ్లు రావచ్చు గనుక, దానిని కూడా ఒకసారి పరీక్షించండి.

మీ లైటు ఆరిపోయినంత మాత్రాన లోపం పోయినట్లు కాదు. సాధారణంగా వరుసగా మూడు ప్రయాణాల్లో లోపం కనబడకపోతే లైటు ఆరుతుంది, కోడ్ మాత్రం జ్ఞాపకంలో ఉంటుంది. దానితోపాటు లోపం నమోదైన క్షణంలో కూలెంట్ ఉష్ణోగ్రత, ఇంజన్ వేగం వంటి వివరాలు కూడా నిలిచి ఉంటాయి. చాలా స్కానర్లు వాటిని చూపిస్తాయి. అప్పుడు ఇంజన్ చల్లగా ఉన్నదా, వేడెక్కి ఉన్నదా అన్నది మెకానిక్‌కు ఎంతో ఉపయోగపడుతుంది. అందుకే బ్యాటరీ తీగ ఊడదీసి లైటును ఆర్పే చిట్కాను పాటించకండి. ఆ వివరాలు చెరిగిపోవచ్చు.

లైటు నిలకడగా కాక మిణుకుమిణుకుమంటుంటే మాత్రం ఇంజన్ మిస్‌ఫైర్ అవుతున్నట్లు, అంటే సిలిండర్లో ఇంధనం సరిగా అంటుకోవడం లేదన్నమాట. కాలని ఇంధనం పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దానిని పాడుచేస్తుంది గనుక వేగం తగ్గించి, వీలైనంత త్వరగా ఆపాలి. ఆయిల్ డబ్బా బొమ్మతో ఎర్రగా వెలిగేది పూర్తిగా వేరే లైటు. అది ఆయిల్ ఒత్తిడి పడిపోయిందన్న హెచ్చరిక, వెంటనే ఇంజన్ ఆపవలసిందే. ఇక ఆయిల్ మట్టం తగ్గితే చెక్ ఇంజన్ లైటు చెబుతుందని నమ్మకండి. డిప్‌స్టిక్ తీసి చూడండి.

కోడ్ నంబరు, చివరి సర్వీసు బిల్లులో ఉన్న ఆయిల్ గ్రేడు, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు మూడూ తెలియజేస్తే, మీది నా మొదటి శీతాకాలం కథో రెండోదో చెప్పడానికి ప్రయత్నిస్తాను.