మైకు ముందు మూడు నిమిషాలు

ప్రశ్న: ఉరవకొండ దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. తొమ్మిదో తరగతిలో 32 మంది ఉన్నారు. ఎవరి కవిత వాళ్లే రాసుకుని వేదికెక్కి వినిపించే 'స్పోకెన్ వర్డ్' నేర్పాలని ఉంది. వారానికి ఒక్క పీరియడే దొరుకుతుంది. రాసినవేమో అన్నీ 'కరువు సీమ కన్నీటి గాథ'లే. ఎక్కడ మొదలుపెట్టాలి? చివర పోటీ పెట్టాలా?
(ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా)

జవాబు: పిల్లల తప్పేం లేదు మాస్టారూ. వక్తృత్వ పోటీల్లో, జెండా పండుగ ఉపన్యాసాల్లో వాళ్లు విన్నవి ఆ మాటలే. 'కరువు', 'కన్నీరు', 'తల్లి', 'గుండె' అనే నాలుగు మాటల్ని ఒక నెల నిషేధించండి. అవధానంలో నిషిద్ధాక్షరి ఉన్నది అందుకే కదా, దారి మూస్తేనే కొత్త పదం దొరుకుతుంది. నిన్న సాయంత్రం నుంచి ఈ పొద్దుటి దాకా ఇంట్లో చూసినవి, విన్నవి పది వాక్యాలు రాయమనండి. అభిప్రాయాలు వద్దు. 'నీటి కోసం నా సీమ రైతు అల్లాడుతున్నాడు' అని రాసిన చెయ్యే అప్పుడు ఇలా రాస్తుంది: 'నాయన నాలుగో బోరు ఏపిచ్చినాడు. ఆరు నూర్ల అడుగులు. దుమ్ము. జేజి మాత్రం బిందె కడిగి పెట్టింది.' వినేవాళ్లు ఆ బిందె దగ్గర ఆగిపోతారు.

ఇక గొంతు. తెలుగులో క్రియ వాక్యం చివర ఉంటుంది, 'లేదు' కూడా అక్కడే. పిల్లలు పెద్ద గొంతుతో ఎత్తుకుని, ఊపిరి అయిపోయేసరికి ఆ చివరి మాటనే మింగేస్తారు. వెనక బెంచీకి 'ఈసారి కూడా వాన రా...' వరకే వినిపిస్తుంది. వచ్చిందో రాలేదో తెలీదు. అందుకే పంక్తి ఆరేడు మాటలు దాటితే విరగ్గొట్టించండి, ఊపిరి తీసుకోవాల్సిన చోట పెన్సిలు గీత పెట్టించండి. తర్వాత ఇద్దరిని ఎదురెదురు గోడల దగ్గర నిలబెట్టండి. ఒకరు చెబుతుంటే రెండోవారు ప్రతి పంక్తిలో ఆఖరి మాట మాత్రమే రాసుకోవాలి. కాగితం మీద ఖాళీలు ఎక్కడుంటే గొంతు అక్కడ పడిపోయినట్టు. ఈ సాధన మొదట వేమన పద్యాలతో చేయించండి. ఆటవెలది పాదం ఒక ఊపిరికి సరిగ్గా సరిపోతుంది, పైగా పిల్లలకు అవి ముందే వచ్చు.

పీరియడు లెక్క కూడా చూసుకోండి. 32 మందికి తలా మూడు నిమిషాలంటే 96 నిమిషాలు, మీకున్నవి నలభై. నలుగురేసి చొప్పున ఎనిమిది గుంపులు చేసి వరండాలోకి, చెట్టు కిందికి పంపండి. ఒక్కొక్కరు ఒక నిమిషం వినిపిస్తే, 'నాకు గుర్తుండిపోయిన మాట ఇదీ' అని మిగతావాళ్లు ఇంకో నిమిషం చెబుతారు. ఎనిమిది నిమిషాల్లో ఒక చుట్టు అయిపోతుంది. గోల అవుతుంది, కానివ్వండి. వార్షికోత్సవంలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఎనిమిది వారాల్లో మూడు రాయడానికి, రెండు కొట్టివేతలకు, మూడు గొంతుకు సరిపోతాయి. కొట్టివేతల వారాలు మాత్రం తగ్గించకండి. నిదానంగా చెబితే నిమిషానికి ఎనభై మాటలు పడతాయి, అంటే మొత్తం 240 మాటలు దాటకూడదు.

పోటీ సంగతి. 1980లలో షికాగోలో మార్క్ స్మిత్ అనే భవన నిర్మాణ కార్మికుడు 'పొయెట్రీ స్లామ్' మొదలుపెట్టాడు. సొంత కవితే చెప్పాలి, మూడు నిమిషాలే సమయం, వేషం గానీ వాద్యం గానీ ఉండకూడదు. ప్రేక్షకుల్లోంచే ఐదుగురు పదికి మార్కులు వేస్తారు, అన్నిటికన్నా ఎక్కువది, తక్కువది తీసేసి మిగిలిన మూడూ కలుపుతారు. నియమాలు తీసుకోండి, మార్కులు వదిలెయ్యండి. అరిస్తే మార్కులు పడతాయని పద్నాలుగేళ్ల పిల్లలు ఒక్క రోజులో కనిపెట్టేస్తారు. మగపిల్లలకు అది గొంతు మారే వయసు కూడా, అరిపిస్తే బొంగురు పోతుంది.

ప్రశ్న: మా వాడు ఇంటర్ ఎంపీసీ. ఈ కవితల పిచ్చిలో మార్కులు పోతాయేమో?
(ఒక తండ్రి, తాడిపత్రి)

జవాబు: వారానికి రెండు గంటలతో పోవు. అలాగని పెరుగుతాయని కూడా మేం చెప్పం. ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్ అనే పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి 2000లో ఫలితాలు ప్రకటించారు. తరగతిలో నాటకం ఆడిస్తే భాషా నైపుణ్యం పెరుగుతుందనడానికి ఆధారం దొరికింది. కళల వల్ల మొత్తం మార్కులు పెరుగుతాయనడానికి దొరకలేదు. పరీక్షల నెలలో మానేయమనండి, చాలు.

ప్రశ్న: మా పాపకు పన్నెండేళ్లు, నత్తి ఉంది. కవితలు బాగా రాస్తుంది. స్టేజీ ఎక్కిస్తే నవ్వుతారని భయం.
(ఒక తల్లి, కర్నూలు)

జవాబు: ముందు స్పీచ్ థెరపిస్టుకు చూపించండమ్మా, ఆ పని కవిత చేయలేదు. ఆ పక్కనే ఇదీ చేయవచ్చు. నలుగురితో కలిసి ఒకే గొంతుగా చెప్పేటప్పుడు చాలామందికి నత్తి బాగా తగ్గుతుంది. భజనలో అందుకున్నట్టు మొదట బృందంతో చెప్పించండి. తర్వాత ఒక్క పంక్తి తనకు వదిలి, కుదిరినకొద్దీ పెంచండి. మాట దగ్గర ఆగితే మీరు అందించకండి, 'నిదానంగా చెప్పు' అని కూడా అనకండి. ఆ మాట వినగానే బిడ్డ ఇంకా బిగుసుకుపోతుంది. 2021లో అమెరికా అధ్యక్షుడి ప్రమాణ స్వీకారంలో కవిత వినిపించిన అమాండా గోర్మన్‌కు అప్పుడు 22 ఏళ్లు. చిన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి ఆమెకు 'ర' పలకడం కష్టంగా ఉండేది.

ప్రశ్న: కాలేజీ ఫెస్టులో నా కవిత చెప్పాలి. మూడో చరణం ఎప్పుడూ మర్చిపోతున్నాను. 'పోతాండా', 'వస్తాండాడు' అంటే నవ్వుతారా? మైకంటే కూడా భయమే.
(ఒక విద్యార్థిని, కడప)

జవాబు: మూడో చరణం, ఒకటో చరణం ఒకే మాటతో మొదలవుతున్నాయేమో చూసుకో తల్లీ. అలా ఉంటే మనసు దారి తప్పి ఒకటో దానిలోకో, నాలుగో దానిలోకో దూకేస్తుంది. మొదటి మాట మార్చు. బట్టీ పట్టేటప్పుడు చివరి చరణం ముందు, తర్వాత దాని పైది, అలా కింది నుంచి పైకి రా. అప్పుడు ముందుకు పోయేకొద్దీ బాగా వచ్చిన భాగంలోకే వెళ్తుంటావు. గిన్నెలు తోముతూ కూడా తప్పు లేకుండా వస్తే వచ్చినట్టే. వేదిక మీద మర్చిపోతే 'సారీ' అనొద్దు. ఆగి, వెనక పంక్తిని మళ్లీ చెప్పు. కావాలనే రెండుసార్లు చెప్పావనుకుంటారు.

యాస మార్చకు. కవితంతా పత్రికల భాషలో నడిపి నవ్వించడానికి ఒక్క చోట 'ఏందప్పా' అంటేనే జనం యాసను చూసి నవ్వుతారు. మొదటి నుంచీ నీ మాటలో ఉంటే రెండో పంక్తికల్లా అలవాటు పడతారు.

మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కాస్త పక్కకు వాల్చి పట్టుకో. ఎదురుగా పెడితే 'ప', 'భ' దగ్గర గాలి తగిలి 'డబ్'మంటుంది. పైనున్న జాలీని పిడికిట్లో మూయకు, సౌండు బాక్సు ముందుకు నడవకు, కీచుమని కూత పెడుతుంది. నీ కంటే ముందు చెప్పినవాళ్లు పొడుగైతే స్టాండు దించాల్సి వస్తుంది. ఆ మర ఎటు తిప్పాలో సౌండ్ సిస్టం అన్నను పొద్దున్నే అడిగి, ఒకసారి తిప్పి చూసుకో.